వేషం కట్టే వయసు

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో చెసాపీక్ అనే నగరం ఉంది. హాలోవీన్ రాత్రి వేషం వేసుకుని ఇంటింటికీ వెళ్లి మిఠాయి అడగడానికి 12 ఏళ్లు దాటి ఉండకూడదని అక్కడ 1970లో ఒక నిబంధన పెట్టారు. దాటినవాళ్లు అడిగితే జరిమానా, ఆపైన ఆరు నెలల దాకా జైలు. ఈ సంగతి 2018లో బయటికి పొక్కింది. నలుగురూ ముక్కున వేలేసుకున్నాక, 2019లో నగర పాలకులు జైలు మాట తీసేసి వయసును 14కు పెంచారు. కెనడాలో బాథర్స్ట్ అనే చిన్న పట్టణం 16 దగ్గర గీత గీసింది. ఊరికో వయసు పెట్టుకున్నారంటే, ఈ పండుగ ఎవరిదన్న తగవు అక్కడివాళ్లలోనే ఇంకా తెగలేదన్నమాట. పెద్దవాళ్లు దయ్యాల వేషం కట్టొచ్చా? కడితే పిల్లల పండుగను లాక్కున్నట్టా, దానికి అండగా నిలబడ్డట్టా?

నా పక్షమేదో ముందే చెబుతాను. పెద్దలు వేషం కట్టాలి. వీధిలో, గుమ్మం దగ్గర, పిల్లల కళ్లెదుట కట్టాలి. పెద్దలు తప్పుకున్న చోట హాలోవీన్ చాక్లెట్ల పంపకంగా మిగిలిపోయింది. పిల్లల్ని వదిలేసి తమలో తాము జరుపుకున్న చోట మందు పార్టీ అయిపోయింది. ఈ పండుగకు ఉన్న అసలు బలం రెండు వయసులవాళ్లూ ఒకే గుమ్మం దగ్గర కలుసుకోవడంలో ఉంది.

చరిత్ర తిరగేస్తే ఈ పండుగలో పిల్లలే కొత్తవాళ్లు. ఐర్లండ్, స్కాట్లండ్‌లలో పంటలు ఇల్లు చేరి చలికాలం అడుగుపెట్టే వేళ అక్టోబరు 31 రాత్రి. ఆ పూట ఈ లోకానికీ ఆ లోకానికీ మధ్య తలుపు తెరుచుకుంటుందని వాళ్ల నమ్మకం. క్రైస్తవం వచ్చాక నవంబరు 1 సకల పునీతుల పండుగ అయింది, 2వ తేదీ చనిపోయినవాళ్ల స్మరణ దినం అయింది. మన కతోలిక కుటుంబాలు నవంబరు 2న శ్మశానానికి వెళ్లి, సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగ ఈ వరసలోదే. పోయినవాళ్లను తలుచుకునే రోజులకు ముందు రాత్రి వేషాల రాత్రి అయింది. చావు తమ ఇంటి గడప తొక్కడం చూసిన పెద్దవాళ్లకు అలాంటి రాత్రి కావలసి వచ్చింది.

స్కాట్లండ్‌లో వేషాలతో ఇల్లిల్లూ తిరగడాన్ని గైజింగ్ అంటారు. పాతకాలంలో అలా తిరిగింది ఎక్కువగా పెళ్లీడు కుర్రాళ్లే. ఉత్తరాన షెట్లండ్ దీవుల్లో వాళ్లను స్కెక్లర్లు అనేవారు. ఒంటి నిండా గడ్డితో అల్లిన పావడా, భుజాల మీద గడ్డి కప్పు, తల మీద కొమ్ములా లేచిన గడ్డి టోపీ, ముఖానికి గుడ్డ. గొంతు గుర్తుపట్టకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడేవారు. ఎవరో చెప్పుకోండి చూద్దామని ఇంటివాళ్లను ఉడికించడం, తెలిసిపోతే ముసుగు తీసి, పెట్టింది తిని పోవడం. ఐర్లండ్‌లో కార్క్ ప్రాంతంలో 19వ శతాబ్దంలో తెల్ల దుప్పటి కప్పుకుని గుర్రం పుర్రె పట్టుకున్న మనిషి ముందు నడిస్తే, కుర్రకారు కొమ్ము బూరలు ఊదుతూ రైతుల ఇళ్లకు వెళ్లి పాలూ గుడ్లూ ధాన్యమూ వసూలు చేసేవారు. రాబర్ట్ బర్న్స్ 1785లో ఈ పండుగ మీద రాసిన పెద్ద కవితలో ఉన్నదంతా పడుచువాళ్ల సందడే. ఎవరికి ఎవరు మొగుడవుతారో, పెళ్లామవుతుందో తేల్చుకునే జోస్యాలే.

1840ల కరువుకు ఐరిష్ వాళ్లు లక్షల్లో అమెరికాకు తరలిపోయారు. వాళ్లతోపాటు ఈ రాత్రీ వెళ్లింది. పాత దేశంలో టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవాళ్లు, కొత్త దేశంలో గుమ్మడికాయ అందుకున్నారు. 20వ శతాబ్దం మొదట్లో కూడా అక్కడ హాలోవీన్ అంటే ఇంట్లో పెద్దలు చేసుకునే విందు. మసాచుసెట్స్‌లోని డెనిసన్ కంపెనీ 1909 నుంచి వేసిన బోగీ పుస్తకాలు ముడతల కాగితంతో గది ఎలా అలంకరించాలో, అతిథులు ఏ వేషాలు వేయాలో గృహిణులకు నేర్పాయి. బయట వీధుల్లో మాత్రం కుర్రాళ్ల ఆగడాలు మితిమీరాయి. ఆ అల్లరిని దారిలో పెట్టడానికి మినసోటాలోని అనోకా పట్టణం 1920లో ఊరేగింపు మొదలుపెట్టింది. 1930లలో ఇళ్లవాళ్లు అల్లరి మాన్పించడానికి తలుపు తీసి తినుబండారాలు పెట్టడం మొదలుపెట్టారు. యుద్ధకాలపు చక్కెర రేషన్ 1947లో ఎత్తేశాక అది దేశమంతా పాకింది. అక్కడి నుంచి ఒక పాతిక ముప్పై ఏళ్లు హాలోవీన్ పూర్తిగా పిల్లలదైంది. మనం ఆనవాయితీ అనుకునేది ఆ కొద్దికాలపు ముచ్చటనే.

1970లలో పెద్దలు తిరిగొచ్చారు. ఎలా వచ్చారన్నది ఆగి చూడదగ్గ విషయం.

న్యూయార్క్‌లో రాల్ఫ్ లీ అనే ముఖాలూ బొమ్మలూ చేసే కళాకారుడు 1974లో గ్రీనిచ్ విలేజ్‌లో ఊరేగింపు తీశాడు. తాను చేసిన పెద్ద పెద్ద బొమ్మల్ని తన పిల్లలూ స్నేహితులూ మోస్తుంటే, దారిలో ఇరుగుపొరుగు కలిశారు. కొన్నేళ్లలోనే అది ఇరుకు వీధుల్లో పట్టక సిక్స్త్ ఎవెన్యూ మీదికి వచ్చింది. నేటికీ అందులో నడవాలంటే టికెట్ లేదు, సంఘంలో సభ్యత్వం లేదు. వేషం ఉంటే చాలు. 2001లో జంట భవనాలు కూలిన ఏడు వారాలకే అక్టోబరు 31 వచ్చింది. జరపాలా మానాలా అన్న ప్రశ్న సహజంగానే లేచింది. జరిపారు. బూడిద నుంచి లేచే ఫీనిక్స్ పక్షి బొమ్మ ముందు నడిచింది. ఆ ఏడాది ఆ నగరంలో పెద్దవాళ్లకు ముసుగు పెట్టుకుని వీధిలోకి రావలసిన అవసరం పిల్లల కంటే ఎక్కువే ఉందని నేననుకుంటాను.

శాన్ ఫ్రాన్సిస్కోలోని కాస్ట్రో వీధిది ఇంకో కథ. 1940లలో ఒక సామాన్ల దుకాణం పిల్లల వేషాల పోటీ పెట్టడంతో అక్కడి హాలోవీన్ మొదలైంది. 1970ల నాటికి ఆ పేటకు స్వలింగ సంపర్కులు వచ్చి స్థిరపడ్డారు. మగవాడు ఆడ దుస్తులు వేసుకుంటే పోలీసులు పట్టుకుపోయే చట్టాలు అమెరికా నగరాల్లో చాలాకాలం ఉండేవి. ఏడాదిలో ఒక్క హాలోవీన్ రాత్రి చూసీచూడనట్టు వదిలేసేవారు. మిగతా 364 రోజులు ముసుగేసుకుని బతికినవాళ్లు ఆ ఒక్క రాత్రి తమలా బయటికొచ్చేవాళ్లు. పెద్దవాళ్లకు ఇదేం పిల్లచేష్ట అని తీసిపారేసేవాళ్లు ఈ ఒక్క చరిత్ర చదివినా చాలు. అయితే అదే వీధిలో జనం లక్షల్లోకి పెరిగి, 2006లో కాల్పులు జరిగి తొమ్మిది మందికి గాయాలయ్యాక నగరం ఆ వీధి పండుగను ఆపేసింది. ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలో ఘర్షణలు ఇంకా చల్లారని 1980లలోనే పెద్దలు వేషాలతో వీధుల్లోకి రావడం మొదలైంది. అదిప్పుడు ఐరోపాలోనే పేరున్న హాలోవీన్ ఉత్సవం.

పెద్దల రాకతో డబ్బూ వచ్చింది. అమెరికా చిల్లర వర్తకుల సమాఖ్య 2023లో వేసిన అంచనా ప్రకారం హాలోవీన్ మొత్తం ఖర్చు 1,220 కోట్ల డాలర్లు. అందులో పెద్దల వేషాలకు 200 కోట్లు, పిల్లల వేషాలకు 140 కోట్లు. ఒక్క రాత్రి కట్టి పారేసే పాలిస్టర్ గుడ్డ మీద ఇంత డబ్బు తగలేయడం నాకు మింగుడుపడదు. చవక పాలిస్టర్‌కు నిప్పు అంటుకుంటే ఎలా కరిగి ఒంటికి పట్టుకుంటుందో దీపావళి చేసుకునే మనకు వేరే చెప్పాలా? కానీ ఈ తప్పు కొనే పద్ధతిది. షెట్లండ్ కుర్రాళ్లు పొలంలో గడ్డితోనే పని కానిచ్చారు.

పెద్దలు వద్దనేవాళ్ల వాదనల్లో అన్నిటికంటే బరువైనది ప్రమాదం గురించి. 2022 అక్టోబరు 29 రాత్రి దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో, ఇటెవాన్ అనే పేటలో హాలోవీన్‌కు వచ్చిన జనం ఒక వాలు సందులో ఇరుక్కుపోయారు. సందు వెడల్పు మూడు మీటర్లకు కొంచెం ఎక్కువ. 159 మంది పోయారు, ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్లు. ఆ వెంటనే, విదేశీ పండుగకు వేషాలేసుకుని ఎవరు వెళ్లమన్నారు అన్నవాళ్లు అక్కడా ఉన్నారు, మనలోనూ ఉన్నారు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఆ మాట కూడా వినాల్సి వచ్చింది. జనం నలిగిపోతున్నారని సాయంత్రం 6:34కే పోలీసులకు మొదటి ఫోను వెళ్లింది. తొక్కిసలాట జరిగింది రాత్రి పదింటి తర్వాత. ఆ మధ్యలో మరెన్నో ఫోన్లు వెళ్లాయి, జనాన్ని మళ్లించే దిక్కు లేదు. పుష్కరాల్లోనూ దేవుడి గుళ్ల దగ్గరా ఇలాంటి చావులు చూసిన తెలుగువాళ్లకు, తప్పు భక్తిలోనో వేషంలోనో వెతకకూడదని తెలుసు. టోక్యోలో షిబుయా పేట 2019లో హాలోవీన్ రోజుల్లో వీధిలో తాగడాన్ని నిషేధించింది. 2023లో మేయరే అసలు ఇక్కడికి రావద్దని చెప్పాడు. తాగుడు మీద పెట్టిన ఆ నిషేధం నాకూ సబబనిపిస్తుంది. ముసుగూ మందూ కలిసిన చోట ఆడపిల్లలు నడవడానికి జంకుతారు, పిల్లలు అసలే రారు.

రోడ్డు గురించి ఒక అధ్యయనం ఉంది. అమెరికాలో 1975 నుంచి 2016 దాకా 42 ఏళ్ల లెక్కలు తీస్తే, హాలోవీన్ సాయంత్రం పాదచారి వాహనం కింద పడి చనిపోయే ముప్పు మామూలు సాయంత్రాల కంటే 43 శాతం ఎక్కువని తేలింది. చిన్నపిల్లలకైతే ఇంకా ఎక్కువ. ఈ అంకె చూపించి పెద్దల్ని ఇంట్లో కూర్చోమనేవాళ్ల తర్కం నాకు అర్థం కాదు. ఆ చీకట్లో పిల్లల వెంట నడిచే పెద్దలు ఎంతమంది ఉంటే అంత మంచిది. కారులో కూర్చుని వీధి చివర ఎదురుచూసే తండ్రి కంటే, ఏదో ఒక వేషం కట్టుకుని పక్కన నడిచే తండ్రి పనికొస్తాడు.

ఇక ఎవరి వేషం ఎవరు కట్టాలన్న చిక్కు. 2015లో యేల్ విశ్వవిద్యాలయంలో ఒక కమిటీ, నల్లరంగు పూసుకోవడం, ఈకల కిరీటాలు, తలపాగాలు లాంటివి పెట్టుకునే ముందు ఆలోచించుకోమని విద్యార్థులకు రాసింది. ఎరికా క్రిస్టాకిస్ అనే అధ్యాపకురాలు, అంత మాత్రం పిల్లలే తేల్చుకోలేరా అని తిరిగి రాశారు. దాని మీద రేగిన గొడవ చివరికి ఆమె అక్కడ పాఠాలు చెప్పడం మానుకునేదాకా వెళ్లింది. ఆమె మీద అంత కోపం అన్యాయమే. కమిటీ చెప్పిన సలహా మాత్రం సరైనదే. 2008లో హైడీ క్లూమ్ అనే మోడల్ హాలోవీన్‌కు కాళికా మాతలా తయారైనప్పుడు మనవాళ్లలో చాలామంది నొచ్చుకున్నారు. అలా నొచ్చుకున్న మనం, ఇంకొకరి తలపాగానో ఈకల కిరీటాన్నో మనవాళ్లు పెట్టుకున్నప్పుడు కూడా అంతే ఆలోచించాలి. బ్రిటన్‌లో 2013లో ఒక పెద్ద సూపర్ మార్కెట్ మానసిక రోగి పేరుతో, చేతిలో కత్తితో ఒక వేషం అమ్మకానికి పెట్టి, జనం తిడితే వెనక్కి తీసుకుంది. జబ్బుపడ్డ మనిషిని దయ్యంతో కలిపి కట్టే వేషం పెద్దవాళ్లకు అసలే తగదు. పిల్లాడికి తెలియదు, పెద్దవాడికి తెలుసు.

వేషం పెద్దల పని అన్న మాట తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. తిరుపతి గంగమ్మ జాతరలో మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, నగలు పెట్టుకుని, జడ వేసుకుని మొక్కు తీర్చుకుంటారు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని రోజుకో వేషం. బోనాల్లో ఒళ్లంతా పసుపు పూసుకుని కొరడా తిప్పే పోతురాజు వయసొచ్చిన మగవాడు. దసరాకు డప్పు దెబ్బకు ఎగిరే పులి వేషగాడూ అంతే. కూచిపూడి భాగవతులు పగటివేషాలూ కట్టారు, మరెన్నో జానపద బృందాలు అవే వృత్తిగా బతికాయి. ఆ పగటివేషాల్లోనూ ఫలానా కులాన్ని వెక్కిరించి నవ్వించినవి ఉన్నాయి. వాటిని ఈ రోజు కట్టకూడదని ఒప్పుకోవడంలో మనకు పోయేదేమీ లేదు. పూర్వం దసరాకు పంతులుగారు పిల్లల్ని వెంటేసుకుని, బాణాలు పట్టించి, ఇంటింటికీ తిప్పి పద్యాలు చదివించేవారు. ఇంటివాళ్లు పిల్లలకు పప్పుబెల్లాలు పెట్టేవారు. పిల్లలు అడగడం, పెద్దలు వెంట నడవడం, పెద్దలే గుమ్మంలో నిలబడి పెట్టడం మన పల్లెలకు తెలిసిన పద్ధతే.

2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు పడ్డాయి. అమెరికాలో మేముండే డాలస్ శివారులో తెలుగిళ్లు చాలానే ఉన్నాయి. ఆ సాయంత్రం మెట్ల మీద ఒక పక్క ప్రమిదలు, ఇంకో పక్క పళ్లికిలించిన గుమ్మడికాయలు. మా ఎదురింటాయన యముడి వేషం కట్టాడు. అట్టకు బంగారు రంగు కాగితం అంటించిన కిరీటం, కాటుకతో దిద్దిన కోరమీసం, భుజాన బట్టలారేసే తాడుతో పాశం. ఆయన భార్య చిత్రగుప్తుడిలా పెద్ద లెక్కల పుస్తకం ముందేసుకుని అరుగు మీద కూర్చుంది. ఊరి నుంచి వచ్చిన అత్తగారు స్టీలు బేసిన్ నిండా చాక్లెట్లు పట్టుకుని పక్కనే ఉన్నారు. “పండగ పూట ఇదేం వేషం అల్లుడుగారూ!” అని ఆవిడ. “నరక చతుర్దశికి యమతర్పణం ఇస్తాం కదా అత్తయ్యగారూ, పిలిస్తే వచ్చాడనుకోండి” అని ఆయన. స్పైడర్‌మ్యాన్ వేషంలో వచ్చిన ఒక అమెరికా పిల్లాడు, నువ్వు ఏ దేశపు రాజువని అడిగాడు. చచ్చినవాళ్ల రాజునని చెబితే రెండడుగులు వెనక్కి వేశాడు. చిత్రగుప్తుడు వాడి పేరడిగి పుస్తకంలో రాసుకుని, ఈ ఏడు నువ్వు చేసిన మంచి పని ఒకటి చెప్పమంది. వాడు ఆలోచించి, చెల్లెలికి సైకిల్ నేర్పానన్నాడు. బేసిన్‌లోంచి రెండు చాక్లెట్లు వచ్చాయి. వాడు తన వెనకాల వచ్చేవాళ్లకు ఆ ఇంట్లో ఏం అడుగుతారో చెప్పేసినట్టున్నాడు, తర్వాత వచ్చిన పిల్లలు జవాబులు సిద్ధం చేసుకునే వచ్చారు. యమగోల నుంచి యమలీల దాకా సినిమాల్లో యముణ్ని చూసి నవ్విన జాతి మనది. చావును ఎగతాళి చేసే రాత్రికి మనం తీసుకెళ్లగలిగిన వేషం ఇంతకంటే ఏముంది?

పేరడిగి రాసుకోవడంలో ఒక గుట్టుంది. ఎడ్ డీనర్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు సియాటిల్‌లో హాలోవీన్ రాత్రి 1,300 మందికి పైగా పిల్లల్ని గమనించి 1976లో ఫలితాలు అచ్చువేశారు. ఇంటావిడ ఒక్కొక్కటే తీసుకోమని చెప్పి లోపలికి వెళ్లిపోతుంది, చాటుగా ఒకరు చూస్తుంటారు. పేరు చెప్పి, ఒంటరిగా వచ్చిన పిల్లల్లో ఎక్కువ తీసుకున్నవాళ్లు 8 శాతం లోపు. పేరు చెప్పకుండా, గుంపుగా వచ్చినవాళ్లలో 57 శాతం. నేను దీని నుంచి తీసుకున్న సారం ఏమిటంటే, పెద్ద మనిషి గుమ్మంలో నిలబడి పిల్లాణ్ని పలకరించడమే ఈ పండుగను నిలబెడుతోంది. చాక్లెట్ల గిన్నె అరుగు మీద పెట్టి తలుపేసుకునే ఇళ్లు మా వీధిలోనూ పెరుగుతున్నాయి. మొదటి గుంపుకే అది ఖాళీ. వెనకాల వచ్చే బుడ్డివాడికి గిన్నె అడుగు కనిపిస్తుంది.

పెద్దలు గుమ్మం నుంచి వెనక్కి తగ్గడానికి భయం కూడా కారణమే. అపరిచితులు మిఠాయిలో విషమో బ్లేడో పెడతారన్న వదంతి 1970ల నుంచి అమెరికాను వదల్లేదు. జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త దశాబ్దాల వార్తలు జల్లెడ పట్టినా, ముక్కూ మొహం తెలియని మనిషి ఇలా మిఠాయిలో విషం పెట్టి పిల్లాణ్ని చంపిన రుజువు ఒక్కటీ దొరకలేదు. 1974లో టెక్సస్‌లో సైనైడ్ కలిపిన మిఠాయి తిని ఒక బాబు చనిపోయిన మాట నిజమే. అది పెట్టింది బీమా డబ్బుకు ఆశపడ్డ సొంత తండ్రి. ఆ ఒక్క ఇంటి పాపానికి దేశంలోని గుమ్మాలన్నీ అనుమానం పాలయ్యాయి. చర్చీల పార్కింగ్ స్థలంలో కారు డిక్కీలు తెరిచి తెలిసినవాళ్లకే చాక్లెట్లు పంచే పద్ధతి అలాంటి జాగ్రత్త నుంచే బలపడింది. దాన్ని తప్పుపట్టను. కానీ తెలియనివాళ్ల తలుపు తట్టే ధైర్యం పిల్లలకు ఏడాదికొక్క రాత్రైనా దొరకాలి.

పెద్దవాళ్లు తమ కోసమూ మిఠాయి అడగొచ్చా? వద్దంటాను. అడిగే వంతు పిల్లలది, పెట్టే వంతు మనది. గడ్డం మొలుస్తున్న కుర్రాడు వేషం కట్టుకుని వచ్చి అడిగితే మాత్రం వయసు లెక్కపెట్టకుండా పెట్టాలి. మనసు ఎదగడంలో వెనకబడ్డ ఇరవై ఏళ్ల అబ్బాయి అమ్మ చెయ్యి పట్టుకుని వస్తే, ఇంత పొడుగున్నావేమిటని అడగకుండా పెట్టాలి. ఆటిజం ఉన్న పెద్ద పిల్లలు నీలం బకెట్ పట్టుకుని వచ్చే అలవాటు ఇలాంటి ప్రశ్నలు తప్పించుకోవడానికే పుట్టింది. ఆ తల్లి ప్రతి గుమ్మంలోనూ సంజాయిషీ చెప్పుకోవలసి రావడం ఎంత బాధో చెసాపీక్ పాలకులకు తట్టి ఉండదు.

వేషం అంటే సిగ్గుపడే పెద్దలకు జపాన్‌లో ఒక దారి దొరికింది. హంగు వేషాలు తమ వల్ల కాదనుకున్న కొందరు 2014లో జిమీ హాలోవీన్ మొదలుపెట్టారు. అందులో దయ్యాలుండవు. రోజూ వీధిలో ఎదురయ్యే మనిషే వేషం. దుకాణంలో వేడి చేయమని ఇచ్చిన భోజనం డబ్బా కోసం ఎదురుచూసే ఉద్యోగిలాంటివాళ్లు. చూసినవాళ్లు ఒక్క క్షణం ఆలోచించి, అవును, ఇతన్ని చూశామే అని నవ్వుతారు. పైసా ఖర్చు లేదు, ఎవరి మనసూ నొచ్చుకోదు.

హైదరాబాద్ ఆఫీసుల్లో హాలోవీన్ వచ్చిన తీరే నాకు నచ్చనిది. పిల్లలుండరు, గుమ్మం ఉండదు. మేనేజర్ మెయిల్ పెడతాడు, టీమంతా నల్ల బట్టలతో రావాలి, ఫొటో దిగాలి. ఇష్టం ఉండి కట్టేవాళ్ల సరదాను కాదనను. కానీ మొన్ననే ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్నవాళ్లు, పుర్రె బొమ్మలు తమ విశ్వాసానికి పడవనుకునేవాళ్లు, ఊరికే బిడియపడేవాళ్లు ఆ టీములోనే ఉంటారు. అమెరికా వీధిలో ఇలాంటివాళ్లకు చక్కటి వెసులుబాటు ఉంది. వాకిలి దీపం ఆర్పేస్తే ఆ ఇంటి తలుపు ఎవరూ తట్టరు, ఎందుకని మర్నాడు ఎవరూ అడగరు. మన ఆఫీసుల్లో అలాంటి స్విచ్ లేదు. మెయిల్ పెట్టే మేనేజర్లు ఆ రోజు ఎవరు ఏ బట్టలతో వచ్చినా ఎందుకని అడగబోమని అందులోనే రాయాలి, ఫొటోకు పిలిచేటప్పుడు పేరు పెట్టి పిలవడం మానాలి.